ఓడినవాళ్లూ ఒప్పుకునే అవార్డు

నంది ఆగింది, గద్దర్ వచ్చింది. పేరు మారింది, ప్రభుత్వాలు మారాయి. ఎవరికిచ్చారో చెప్పి, ఎందుకిచ్చారో చెప్పకుండా వదిలేసే అలవాటు మాత్రం మారలేదు. దక్షిణ కొరియాలో ఇంచుమించు ఒకే కాలంలో పుట్టిన రెండు సినిమా అవార్డుల్లో ఒకటి పరువు పోగొట్టుకుంది, ఇంకొకటి నిలబెట్టుకుంది. ఆ తేడా ఎక్కడొచ్చిందో చూస్తే మన అవార్డుల జబ్బు, దాని మందు రెండూ తెలుస్తాయి.

2015లో వచ్చిన తెలుగు సినిమాల్లో ఉత్తమ చిత్రం ఏది? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం లెక్కలో ‘బాహుబలి: ది బిగినింగ్’. తెలంగాణ ప్రభుత్వం లెక్కలో ‘రుద్రమదేవి’. మరుసటి ఏడాదికి అక్కడ ‘పెళ్లిచూపులు’, ఇక్కడ ‘శతమానం భవతి’. మొదటి జాబితా 2017 నవంబరులో నంది పేరుతో వెలువడింది. రెండోది 2025 మే నెలాఖరున గద్దర్ పేరుతో వచ్చింది. భాష ఒకటే, చూసిన సినిమాలూ ఒకటే, తీర్పులు మాత్రం వేరు. తీర్పులు వేరుకావడంలో తప్పేమీ లేదు. ఇద్దరు రసజ్ఞులు ఒకచోట కూర్చుంటే మూడు అభిప్రాయాలు పుట్టడం సహజం. చిక్కల్లా ఏమిటంటే, ‘బాహుబలి’ని జాతీయ ఉత్తమ చిత్రంగా కేంద్రం గౌరవించిన ఏడాదికి తెలంగాణ జ్యూరీ మొదటి మూడు స్థానాల్లోనూ దాని పేరు లేదు. ‘రుద్రమదేవి’, ‘కంచె’, ‘శ్రీమంతుడు’ ఉన్నాయి. అందుకు బలమైన కారణం ఉండే ఉండొచ్చు. కానీ ఆ కారణం జనం చేతికి రాలేదు. అలాగే 2017లో నంది జాబితా వచ్చినప్పుడు ‘రుద్రమదేవి’కి ఎందుకు చోటు దక్కలేదని దర్శకుడు గుణశేఖర్ బాహాటంగానే అడిగారు. ఆయనకూ సూటి జవాబు దొరకలేదు.

అవార్డు విలువ గెలిచినవాడి షోకేసులో ఉండదు. ఓడినవాడు మనసులో ఎంత బాధపడ్డా ‘సరే, న్యాయంగానే పోయింది’ అనగలిగితే అక్కడ ఉంటుంది. ఆ మాట అనిపించగలిగేది జ్ఞాపిక మీది బంగారు పూత కాదు, నగదు మొత్తం కాదు, వేదిక మీది లేజర్ దీపాలు అంతకన్నా కాదు. చెప్పిన తేదీకి ఇవ్వడం, ఇచ్చిన తీర్పుకి కారణం చెప్పడం ఈ రెండే. మనం పేరు గురించి ఏళ్లకేళ్లు వాదించుకున్నాం. నంది ఉండాలా, సింహ అనాలా, గద్దర్ అంటే తప్పేమిటి అని. అసలు వాదన జరగాల్సింది పద్ధతి గురించి.

కొరియా చెప్పే పాఠం

కొరియాలో గ్రాండ్ బెల్ అవార్డులు 1962లో ప్రభుత్వ ఛత్రం కింద మొదలయ్యాయి. మరుసటి ఏడాదే ‘చోసన్ ఇల్బో’ దినపత్రిక బ్లూ డ్రాగన్ అవార్డులను ప్రారంభించింది. మొదటిదానికి సర్కారు అండ, అధికార హోదా ఉన్నాయి. పార్క్ చుంగ్ హీ సైనిక పాలనలో అందులో కమ్యూనిస్టు వ్యతిరేక చిత్రాలకు ప్రత్యేక విభాగమే ఉండేది. అంతకన్నా పెద్ద తాయిలం మరొకటుంది. విదేశీ సినిమాల దిగుమతి మీద గట్టి ఆంక్షలున్న ఆ రోజుల్లో, అవార్డు గెలిచిన చిత్రాల నిర్మాతలకు ఒక విదేశీ చిత్రాన్ని తెచ్చుకునే కోటా దక్కేది. ఇక్కడి సినిమా మీద రానంత లాభం అక్కడి సినిమా మీద వచ్చేది. దాంతో ప్రేక్షకుడి కోసం కాక, కోటా కోసం సినిమాలు తీసేవాళ్లు తయారయ్యారు. బహుమతి వెనక వేరే లాభం దాగి ఉంటే తీర్పు ఎటు వంగుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు.

నియంతృత్వం పోయాక కూడా గ్రాండ్ బెల్ ఆ మచ్చను చెరుపుకోలేకపోయింది. 1996లో అప్పటికింకా థియేటర్ల ముఖం చూడని ‘హెనెక్వెన్’కి ఉత్తమ చిత్రం పట్టం కట్టింది. 2012లో ‘మాస్కరేడ్’ అనే ఒక్క సినిమాకే 15 అవార్డులు కుమ్మరించింది. 2015లో నిర్వాహకులు మరో అడుగు ముందుకేసి, వేడుకకు రానివారికి అవార్డు ఇవ్వబోమన్నారు. ప్రతిభను గుర్తించడం కాదు, హాజరు వేసుకోవడం అన్నమాట. దానికి నటుల నుంచి వచ్చిన జవాబు చరిత్రలో మిగిలిపోయింది. ఆ నవంబరు వేడుకలో ఉత్తమ నటుడు, ఉత్తమ నటి విభాగాల్లో పోటీపడుతున్నవాళ్లు ఒక్కరంటే ఒక్కరూ రాలేదు. ప్రత్యక్ష ప్రసారంలో ఒకరి అవార్డును మరొకరు వచ్చి అందుకుని, విజేతకు చేరవేస్తామని చెప్పి దిగిపోతుంటే దేశమంతా చూసింది.

బ్లూ డ్రాగన్ కూడా కష్టాలు లేకుండా ఏమీ రాలేదు. 1973లో ఆగిపోయి, 1990లో గానీ మళ్లీ మొదలుకాలేదు. దాని వెనకున్న పత్రిక రాజకీయాలు గిట్టనివాళ్లు అక్కడ బోలెడుమంది. అయినా దాని తీర్పుకు విలువ ఉండటానికి ఒక అలవాటు కారణం: వేడుక ముగిశాక జ్యూరీ ఓట్లు అచ్చులో వస్తాయి. ఏ విభాగంలో ఎవరికి ఎన్ని పడ్డాయో, పోటీ ఎక్కడ బిగుసుకుందో పాఠకుడు చదువుకోవచ్చు. 2014లో ఉత్తమ నటి పోటీలో కాన్ చిత్రోత్సవంలో నెగ్గివచ్చిన జాన్ దో యాన్, పెద్ద తార సన్ యే జిన్ ఉండగా, ‘హాన్ గాంగ్ జు’ అనే చిన్న స్వతంత్ర చిత్రంలో నటించిన చున్ ఊ హీకి అవార్డు దక్కింది. ఆమె వేదిక మీద ఏడుపు ఆపుకోలేక, ఇంత చిన్న సినిమాకి ఇంత పెద్ద బహుమతా అన్నట్టు మాట్లాడింది. ఆ రాత్రి ఎవరూ ‘ఎవరి మనిషి?’ అని అడగలేదు. అడగాల్సిన అవసరం లేకుండా లెక్క బయట ఉంది. 2019లో ‘పారసైట్’ను ఉత్తమ చిత్రంగా ఎంచుకున్నదీ ఆ వేదికే. కొన్ని నెలలకు ఆస్కార్ అదే మాట చెప్పింది.

నంది నుంచి గద్దర్ దాకా

మన నందికి గ్రాండ్ బెల్‌తో దాదాపు ఒకే వయసు. లేపాక్షి బసవన్న రూపాన్ని గుర్తుగా తీసుకుని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1964లో వీటిని మొదలుపెట్టింది. ‘డాక్టర్ చక్రవర్తి’ తొలి ఉత్తమ చిత్రం. తెలుగు సినిమా ఇంకా మద్రాసు స్టూడియోల్లో కాపురముంటున్న కాలమది. పరిశ్రమను ఇటు రప్పించుకునే ప్రయత్నంలో ఈ గౌరవం కూడా ఒక భాగమైంది. ఉగాదికి నంది అనే ఆనవాయితీ ఏర్పడింది. రఘుపతి వెంకయ్య పేరిట జీవితకాల పురస్కారం కూడా కలిసింది. కళాకారుడి ఇంట్లో పెద్దవాళ్లు నంది బొమ్మను దేవుడి గదిలో పెట్టుకునేంత గౌరవం ఒకప్పుడు దానికి ఉండేది.

ఆ గౌరవం ఒక్కరోజులో పోలేదు, వాయిదాల మీద వాయిదాలుగా పోయింది. 2012, 2013 అవార్డులు 2017 మార్చిలో ప్రకటించారు. అదే ఏడాది నవంబరులో మూడేళ్లవి ఒక్క గుక్కలో చదివేశారు. 2014కి ‘లెజెండ్’ ఏకంగా తొమ్మిది గెలుచుకుంది. ఆ చిత్ర కథానాయకుడు బాలకృష్ణ అప్పటికి అధికార పార్టీ శాసనసభ్యుడు, ముఖ్యమంత్రికి వియ్యంకుడు. ఆయన నటనకు అర్హత లేదని ఎవరూ రుజువు చేయలేదు, చేయాల్సిన పనీ లేదు. కానీ అర్హత ఉందని రుజువు చేయాల్సిన బాధ్యత ఇచ్చినవాళ్ల మీద ఉంటుంది. విమర్శకు జవాబుగా జ్యూరీ వాదన బయటికి వచ్చి ఉంటే చర్చ సినిమా గురించి సాగేది. అది రాకపోవడంతో కులం గురించి, ప్రాంతం గురించి, ఎవరి ఆధార్ కార్డు ఎక్కడుందన్న దాని గురించి సాగింది. చివరికి ఆ అవార్డులకు వేడుకే జరగలేదు.

తెలంగాణలో 2024 జనవరి 31న, గద్దర్ జయంతి రోజున, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఇకపై సినిమా అవార్డులు ఆయన పేరిట ఇస్తామన్నారు. ఊరూరా గొంతెత్తి తిరిగిన ప్రజాగాయకుడి పేరు సర్కారు బహుమతికి పెట్టడం సాహసమే. అదే ఏడాది జులైలో, సి. నారాయణరెడ్డి జయంతి సభలో, పరిశ్రమ నుంచి స్పందన రాలేదని ముఖ్యమంత్రి నొచ్చుకోవాల్సి వచ్చింది. తర్వాత పని కదిలింది. జయసుధ అధ్యక్షతన ఒక జ్యూరీ 2024 చిత్రాలను, మురళీమోహన్ అధ్యక్షతన మరొకటి అంతకుముందు పదేళ్ల చిత్రాలను చూశాయి. 2025 జూన్ 14న హైటెక్స్‌లో వేడుక జరిగింది. ‘కల్కి 2898 ఏడీ’ ఉత్తమ చిత్రం, ‘పొట్టేల్’ రెండోది, ‘లక్కీ భాస్కర్’ మూడోది. ‘పుష్ప 2’కి అల్లు అర్జున్, ‘35 చిన్న కథ కాదు’కి నివేదా థామస్ ఉత్తమ నటులు. ఆగిపోయిన బండిని మళ్లీ నడిపించిన మెచ్చుకోలు ఆ ప్రభుత్వానికి దక్కాల్సిందే. ఎన్టీఆర్ జాతీయ పురస్కారాన్ని ఎదుటి శిబిరానికి చెందిన బాలకృష్ణకు ఇవ్వడం కూడా సంస్కారమే.

అయితే ఆలస్యం ఖరీదు ఎంతో ఆ పదేళ్ల జాబితా చూస్తే తెలుస్తుంది. ఆ కాలానికి ఉత్తమ చిత్రాలను ఎంచారు. పాట రాసినవాణ్ని, కెమెరా పట్టినవాణ్ని, రెండు సన్నివేశాల్లో గుండె పిండి వెళ్లిపోయిన సహాయనటిని ఏడాదివారీగా ఎంచలేదు. 2020కి ‘అల వైకుంఠపురములో’ ఉత్తమ చిత్రమైంది. అందులో ‘సామజవరగమన’ రాసిన సిరివెన్నెల 2021 నవంబరులోనే వెళ్లిపోయారు. 2020 పాటలకు రాష్ట్ర పురస్కారం ఎవరిదన్న ప్రశ్న ఖాళీగానే ఉండిపోయింది. ‘రన్ రాజా రన్’ 2014 చిత్రం. పదకొండేళ్ల తర్వాత దానికి పట్టం కట్టేసరికి దాని దర్శకుడు సుజీత్ కొత్తవాడు కాడు, ‘సాహో’ కూడా తీసేశాడు. కొత్త దర్శకుడికి అవార్డు చేసే మేలు రెండో సినిమా సంపాదించిపెట్టడం. అది రెండో సినిమా తర్వాత వస్తే సన్మానం అవుతుంది గానీ సాయం కాదు.

రెండో సంగతి ఇంకా సున్నితమైనది. ఆ పదేళ్ల విజేతల్లో ‘శతమానం భవతి’, ‘మహర్షి’, ‘బలగం’ ఉన్నాయి. మొదటి రెండూ ఇదివరకే జాతీయ పురస్కారాలు పొందినవి. ‘బలగం’ సంగతి సరేసరి, ఊళ్లలో తెరలు కట్టుకుని మరీ చూశారు. మూడింటి వెనకా నిర్మాత దిల్ రాజు సంస్థ, కుటుంబం పాత్ర ఉంది. అవార్డులు ప్రకటించేనాటికి ఆయన రాష్ట్ర చలనచిత్ర అభివృద్ధి సంస్థ అధ్యక్షుడు. ఎంపిక చేసింది జ్యూరీ, ఆయన కాదు. అందులో ఏదో జరిగిందనడానికి ఆధారమేమీ లేదు. అయినా ఏ కారణంతో ఎంచారో రెండు పేజీల్లో చెప్పి ఉంటే, నిజంగా అర్హత ఉన్న ‘బలగం’ లాంటి సినిమా మీద అనుమానపు నీడ కూడా పడేది కాదు. మౌనం వల్ల నష్టపోయేది ఓడినవాడే అనుకుంటాం. నిజానికి ముందు నష్టపోయేది గెలిచినవాడు.

రామంతాపూర్ టవర్ చేసిన పని

అసలు అవార్డు దేనికి? దీనికి జవాబు హైదరాబాదు తూర్పు కొసలోనే ఉంది. రామంతాపూర్ దూరదర్శన్ కేంద్రం నుంచి 1977లో ప్రసారాలు మొదలయ్యాయి. 80ల్లో జాతీయ దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషల్లోని అవార్డు చిత్రాలు వేసేవారు. ఉప్పల్, హబ్సిగూడ ఇళ్ల మీది యాంటెన్నాలు ఆ టవర్ వైపే తిరిగి ఉండేవి. థియేటర్లో వారం ఆడని మలయాళ, బెంగాలీ, కన్నడ చిత్రాలు భోజనాల వేళ ఇంట్లోకి వచ్చేవి. బి. నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’కి అర్చన ఉత్తమ నటి సహా ఐదు జాతీయ పురస్కారాలు వచ్చాయి. గడీలో పనిచేసే దాసి కథ అది, హీరో లేడు, ఫైట్లు లేవు. అలాంటి సినిమా పేరు ఇవాళ్టికీ సినిమా చదువుకునే పిల్లల నోట వినబడుతోందంటే అందులో ఆ పురస్కారాల వాటా తక్కువేమీ కాదు. పెద్ద సినిమాకు అవార్డు అలంకారం. చిన్న సినిమాకు అది ప్రేక్షకుడి దగ్గరికి తోవ.

రామంతాపూర్‌కి దగ్గర్లోనే నాచారంలో ఎన్టీ రామారావు కట్టించిన రామకృష్ణ స్టూడియో కూడా ఈ చరిత్రలోదే. మద్రాసు నుంచి సినిమాను హైదరాబాదుకు తరలించడానికి సొంత డబ్బు పెట్టిన కథానాయకుడాయన. అదే మనిషి 1983లో ముఖ్యమంత్రి అయ్యాక సాహిత్య, సంగీత నాటక, లలితకళా అకాడమీలను రద్దు చేశారు. కళను బాగా తెలిసినవాడే పాలకుడైనా, కళ మీద తీర్పు చెప్పే స్వతంత్ర సంస్థను బతకనిస్తాడన్న భరోసా లేదని దీన్నిబట్టి తేలుతుంది. మన చేతుల్లో మిగిలింది సర్కారు శాఖల చుట్టూ తిరిగే పురస్కారాలు. ఇందుకు భిన్నంగా కేరళ 1969లో అవార్డులు మొదలుపెట్టి, 1998లో చలచిత్ర అకాడమీ ఏర్పాటు చేసి వాటిని దానికి అప్పగించింది. అక్కడ జ్యూరీ ప్రతి ఎంపికకూ ఒక వాక్యమో రెండు వాక్యాలో కారణం రాసి చదువుతుంది. 2025లో ప్రకాష్ రాజ్ అధ్యక్షతన కూర్చున్న జ్యూరీ, బాలల విభాగంలో అర్హమైన చిత్రం లేదని చెప్పి వదిలేసింది. దాని మీద రచ్చ జరిగింది. 2023లో అకాడమీ అధ్యక్షుడే జ్యూరీ మీద ఒత్తిడి తెచ్చారని ఒక దర్శకుడు ఆరోపించాడు. కాబట్టి కేరళ కూడా స్వర్గమేం కాదు. కానీ అక్కడి గొడవ చెప్పిన కారణం మీద జరుగుతుంది, మన గొడవ చెప్పని కారణం మీద.

కాదనేవాళ్ల మాట

కళకు తూనికరాళ్లు ఉండవు, కారణాలు రాయమంటే ఎలా అని కొందరంటారు. తెలుగువాళ్లం మనం ఆ మాట అనకూడదు. అష్టావధానంలో పృచ్ఛకులు సభ నిండా జనం చూస్తుండగా అడుగుతారు, అవధాని అందరి ముందే పూరిస్తాడు, బాగుంటే ఎందుకు బాగుందో, యతి తప్పితే ఎక్కడ తప్పిందో అక్కడికక్కడే తేలుతుంది. రసజ్ఞత గదిలో తలుపులు వేసుకుని చేసే పని అని మన సంప్రదాయం ఏనాడూ అనుకోలేదు. కారణం చెప్పడం అంటే కొలవడం కాదు, చూసినట్టు సాక్ష్యం చెప్పడం.

ఓట్లు బయటపెడితే అభిమానులు జ్యూరీ సభ్యుల్ని బతకనిస్తారా అన్నది రెండో అభ్యంతరం. ఇది తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. మన దగ్గర హీరోకి అవార్డు రాకపోతే సోషల్ మీడియాలో ఏం జరుగుతుందో తెలిసిందే. అందుకే పేర్లు దాచి, ఏ సినిమాకి ఎన్ని ఓట్లు పడ్డాయో చెప్పినా చాలు. సంతకం జ్యూరీ మొత్తానిదై, వివరణ మాత్రం పూర్తిగా ఉండాలి. అదీగాక, తిట్లకు భయపడేవాడు ఒత్తిడికీ భయపడతాడు. ఓటు ఎప్పటికీ బయటికి రాదని తెలిసినప్పుడు ఫోన్ చేసి అడిగేవాడికి ధైర్యం, కాదనాల్సినవాడికి మొహమాటం. రేపు లెక్క అచ్చవుతుందని తెలిస్తే ‘సార్, నా చేతుల్లో లేదు’ అనడానికి సభ్యుడికి ఒక ఆసరా దొరుకుతుంది.

మూడో మాట: అసలు సర్కారుకి సినిమా అవార్డులతో పనేంటి, ఫిల్మ్‌ఫేర్, సైమా ఉన్నాయి కదా అని. ప్రైవేటు వేడుకలు టీవీ ప్రసారం మీద, ప్రాయోజకుల మీద నడుస్తాయి. అవి తారల చుట్టూ తిరగడం వ్యాపార న్యాయం. ‘పొట్టేల్’ లాంటి సినిమాను రాష్ట్రంలో రెండో ఉత్తమ చిత్రం అని నిలబెట్టగలిగేది టికెట్ మీద, రేటింగ్ మీద ఆధారపడని వేదికే. 2016కి ‘అర్ధనారి’కి వెండి నంది ఇచ్చిందీ అలాంటి వేదికే. ప్రభుత్వం తప్పుకోవాలనడం కన్నా, డబ్బు ప్రభుత్వానిది, తీర్పు స్వతంత్ర సంస్థది, లెక్క ప్రజలది అనే విభజన మేలు. కొరియా పాఠాన్ని కూడా ఇక్కడ సరిగ్గా చదువుకోవాలి. గ్రాండ్ బెల్ ప్రభుత్వానిది కాబట్టి చెడలేదు. ప్రభుత్వం చెయ్యి వదిలేసి పరిశ్రమ సంఘాలు నడిపిన రోజుల్లోనూ చెడింది. ఎవరు నడిపినా తలుపు మూసి నడిపారు కాబట్టి చెడింది.

తారలు రాకపోతే వేడుక వెలవెలబోతుందన్న భయం చివరిది. 2015 గ్రాండ్ బెల్ కథ దానికి తిరుగులేని జవాబు. రప్పించడానికి షరతు పెట్టినచోట అందరూ మొహం చాటేశారు. నమ్మకం ఉన్నచోట, ఓడతామని తెలిసినా కూర్చుని చప్పట్లు కొడతారు.

కాబట్టి కావలసినవి పెద్ద సంస్కరణలేం కావు. ఏటా మారని తేదీ ఒకటి, దాన్ని ప్రభుత్వ ఉత్తర్వులో రాసుకోవాలి, ఎన్నికలొచ్చినా మారకూడదు. పోటీకి వచ్చిన సినిమాలన్నిటి జాబితా ఫలితాలకు ముందే బయటపెట్టాలి. అప్పుడు ఓడిన సినిమా ఏదో, అసలు బరిలోకే దిగనిది ఏదో తెలుస్తుంది. పోటీలో ఉన్న చిత్రంతో సంబంధమున్నవాళ్లు జ్యూరీలోనే కాదు, ఆ ఏడాది నిర్వహణ బాధ్యతల్లోనూ ఉండకూడదు. ప్రతి విభాగానికీ ఓట్ల లెక్క, ఒక పేరా వివరణ వేడుక మర్నాడే రావాలి. ఆ జ్యూరీని రామంతాపూర్ స్టూడియోకి పిలిచి, యాదగిరి చానల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం చర్చకు కూర్చోబెట్టి, గెలిచిన చిన్న సినిమాను ఆ వెంటనే వేస్తే దూరదర్శన్ తన పాత పనిని మళ్లీ చేసినట్టవుతుంది. వీటిలో ఏదీ కోట్ల ఖర్చుతో కూడింది కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నందిని మళ్లీ లేపాలనుకుంటే దానికీ ఇదే చిట్టా వర్తిస్తుంది. రెండు రాష్ట్రాలు రెండు అవార్డులివ్వడం నష్టం కాదు, ఇద్దరూ కారణాలు చెబితే అదే తెలుగు సినిమాకు దొరికే మంచి విమర్శ.

గద్దర్ వేడుకలో ఎవరు నృత్యం చేశారన్నది నాలుగు రోజుల ముచ్చట. ఉత్తమ చిత్రం పోటీలో రెండో స్థానంలో ఆగిపోయిన నిర్మాత ఆ తీర్పు కాగితం చదివి, వాదించడానికైనా సిద్ధపడతాడా, లేక ‘ఎవరి మనిషో కనుక్కో’ అంటాడా అన్నదే ఈ అవార్డుకు అసలు పరీక్ష. వాదించే అవకాశం ఇచ్చిన అవార్డే ఎప్పటికైనా ఒప్పుకోలు సంపాదిస్తుంది.